గోడ లేని వరస

జనవరి 12, 2025

అక్కా,

ఇకనుంచి మన మధ్య ఉత్తరాలే. మొన్న ఎవడో మెస్ వెనక పడ్డ రాకెట్ ముక్కను ఫోటో తీసి వాళ్ళావిడకు పంపాడట. దాంతో క్యాంపులో పనిచేసే మా అందరి ఫోన్లూ లాక్కుని ఇనప్పెట్టెలో పడేశారు. వెల్ఫేర్ బల్ల దగ్గర కాగితం ఇస్తే స్కాన్ చేసి నీకు మెయిల్ చేస్తారు. నువ్వు పంపింది ప్రింటు తీసి నా చేతికిస్తారు. మధ్యలో సెక్యూరిటీ వాళ్ళు చదవాలి. వాళ్ళలో తెలుగు వచ్చినవాడు లేడు కనక మూడు రోజులో అయిదు రోజులో తిరగేసి మరగేసి, విసుగొచ్చి ముద్ర కొట్టి పంపేస్తారు. దేశం పేరు మాత్రం రాయకూడదట. రాయను. ఇసుక, ఎండ, సైరను ఉన్న దేశం అనుకో.

గది ఎలా ఉందని అడిగావు కదా. అది ఓడల్లో సరుకు పంపే ఇనప కంటైనర్. కిటికీ ఉండాల్సిన చోట నేనే రిపేరు చేసుకున్న ఏసీ ఉంది. రెండు మంచాలు, నలుగురు మనుషులం. నాకు పగటి డ్యూటీ, దిల్ బహదూర్ అనే నేపాల్ ఆయనకు రాత్రి డ్యూటీ. నేను లేచిన మంచం మీద ఆయన పడుకుంటాడు, ఆయన లేచాక నేను. దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్ళవే. తలుపు మీద స్టిక్కరు చూడాలి నువ్వు: హెచ్-11 అని పెద్దక్షరాలు, కింద క్యూఆర్ కోడ్, మూలన ఆకుపచ్చ ఆకు బొమ్మ. లోపల కిళ్ళీకొట్టంత చోటు, బయట స్టార్ హోటల్ స్టిక్కరు.

ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న వరసల చుట్టూ మనిషికి రెండింతల ఎత్తు కాంక్రీటు గోడ ఉంది, పైన ఇసక బస్తాలు, పక్కనే బంకరు. జీ, హెచ్ వరసలకు గోడ లేదు. జనరేటర్ల పక్కన ఆరుబయట పడేశారు. ఎందుకయ్యా అంటే, మేం ‘మూడో దేశం వాళ్ళం’ట. యుద్ధం చేసేవాళ్ళు మొదటి దేశం, వాళ్ళ స్నేహితులు రెండో దేశం, వాళ్ళకు వండి, ఉతికి, ఏసీలు బాగుచేసేవాళ్ళం మూడో దేశం. మనది మూడోది ఎప్పుడైందో నాకు తెలీదు.

ఇంటి దగ్గర మా దేవిశ్రీకి, పిల్లలకు ఇవేవీ రాయడం లేదు. నా పెళ్ళాం నేను హోటల్లో ఉన్నాననుకుంటోంది. అలాగే అనుకోనీ.

నీ తమ్ముడు, మూడో దేశస్థుడు,
గోపి


జనవరి 19, 2025
కిచెనర్, కెనడా

ఒరేయ్ గోపీ,

నీ ఉత్తరం మొదటిసారి ఆఫీసుకు వెళ్తూ ట్రామ్‌లో చదివాను. రెండోసారి ఆఫీసులో నా బల్ల ముందు కూర్చుని చదివాను. ఆ బల్ల మీది కాఫీ కప్పు మీద కూడా ఆకుపచ్చ ఆకు ఉంది.

అది మా కంపెనీ బొమ్మరా. ఆ స్టిక్కర్లు ప్రింటు చేసే ప్రోగ్రాం మాదే. ఏ మనిషికి ఏ గది, ఏ మంచం అని లెక్కవేసే భాగం రెండేళ్ళ కిందట నేనే రాశాను. ఆల్బర్టాలో ఆయిల్ క్యాంపులకు, ఉత్తరాన గనుల దగ్గర పనివాళ్ళకు అని చెప్పి రాయించారు. అందులో ‘కేటగిరీ’ అని ఒక డబ్బా ఉంది: ఒకటి, రెండు, మూడు. పర్మనెంట్ వాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు, నాలుగు రోజులు వచ్చిపోయేవాళ్ళు అనుకున్నాను. దాన్ని పాస్‌పోర్టుతో నింపుతారని, మూడంటే గోడ అవతలకు నెడతారని నాకెలా తెలుస్తుంది? తెలిసుంటే రాసేదాన్ని కాదు అని నీకు చెప్పాలని ఉంది. అడగలేదు కదా, అదీ నిజమే.

వెంటనే మా మేనేజర్ కేథరిన్‌ను అడిగాను. ఆవిడ చాలా మర్యాదగా, అది క్లయింటు ఇష్టం మృదులా, మనం డబ్బాలు ఇస్తాం, అందులో ఏం నింపాలో వాళ్ళు చూసుకుంటారు అంది. ఆ మర్యాద వింటే నాకు అరవాలనిపించింది. ఆవిడ వెంటనే వారాంతంలో స్కీయింగ్ గురించి మాట్లాడింది.

నువ్వు నోరు మూసుకుని కూర్చోకు. అక్కడ గదులు చూసే గుమాస్తా ఎవరో మన గుంటూరాయన, అమరేశ్వరరావు అని ఫోన్లో ఒకసారి చెప్పావు. వెళ్ళి అడుగు. లేదా ఉద్యోగం మానేసి ఇంటికి పో.

ఇక్కడ మంచు మోకాళ్ళ దాకా ఉంది. అనంత్‌కు నవంబర్లో ఉద్యోగం పోయిన దగ్గరనుంచి మంచు ఎత్తే పని ఆయనదే, వద్దన్నా పక్కింటి వాకిలి కూడా ఎత్తేస్తున్నారు. ఇషిత నీ గది బొమ్మ గీసింది. కిటికీ పెట్టకే అంటే, “నో అమ్మా, ఎవ్రీ రూమ్ హాజ్ ఎ విండో,” అంది.

అక్క,
మృదుల


జనవరి 28, 2025

అక్కా,

నువ్వు ఉత్తరం రాశావా, నిప్పులు పోశావా? నీ ప్రోగ్రాం నా తలుపు మీద అతుక్కుందంటే ముందు గర్వపడ్డాను, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు పోయింది.

అమరేశ్వరరావు గారిని అడగను. ఆయన మంచివాడే, కానీ పైవాడు చెప్పింది చేసే మనిషి. అడిగినవాడి కాంట్రాక్టు ఆగస్టులో రెన్యూ కాదు. జీ వరసలో ఒక కేరళ ఆయన గోడ సంగతి రాసి మెస్‌లో సంతకాలు సేకరించాడు. రెండు వారాల్లో ఆయన సూట్‌కేసు బస్సెక్కింది.

మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ సైరన్ మోగింది. సైరన్ నుంచి దెబ్బ పడేదాకా ఇరవై సెకన్లు అంటారు. మా వరస నుంచి బంకరు దాకా నూట నలభై అడుగులు, నేను లెక్కపెట్టాను. మెస్ పెద్ద వంటవాడు రాఘవులు బాబాయ్ శ్రీకాకుళం మనిషి. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి, పరిగెత్తలేడు. గరిటె చేత్తో పట్టుకునే బల్ల కింద కూర్చున్నాడు. ఎక్కడో దూరంగా పడింది, ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత లేచి ఆ గరిటెతోనే వడ్డించాడు, “పప్పు సల్లారిపోయింది, తిట్టుకోకండి,” అంటూ.

నా గురించి దిగులు పడకు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి.

గోపి


ఫిబ్రవరి 4, 2025

గోపీ,

ఆఫీసుకు టైమవుతోంది, ఎక్కువ రాయను.

ఒకవేళ నీ గది మార్చారని ఎవరైనా చెబితే కారణం అడగకుండా సామాను తీసుకుని వెళ్ళిపో. పేచీ పెట్టకు. నువ్వు మొండివాడివి, అందుకే ముందే చెబుతున్నాను. ఈ ఒక్కసారి అక్క మాట విను.

ఇషితకు జలుబు. అనంత్ ఇక్కడికి గంట దూరంలో లండన్ అనే ఊళ్ళో ఏదో హాస్పిటల్లో ఐటీ ఉద్యోగానికి అప్లై చేశారు.

మృదుల


ఫిబ్రవరి 11, 2025

అక్కా,

నీ నోట్లో పంచదార పోయాలి. నువ్వు రాసిన రెండు రోజులకే నా గది మారింది. డి-4. గోడ లోపల. బంకరు పద్దెనిమిది అడుగులు. మంచం ఒక్కడికే, లేచి వెళ్ళినా చల్లగా నాకోసం ఖాళీగా ఉంటుంది. మొదటిరోజు దుప్పటి పరిచి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇది ఎలా జరిగిందో నాకు తెలుసు. జనవరి ఆఖర్లో క్యాంప్ బాస్ గదిలో ఏసీ చెడిపోతే శుక్రవారం సెలవు కూడా మానుకుని బాగుచేశాను. పెద్దాయన వెళ్తూ వెళ్తూ నా పేరు రాసుకున్నాడు. పని వచ్చినవాడికి విలువ ఉంటుందని నువ్వు నమ్మవు కదా, చూశావా? మూడో దేశం, నాలుగో దేశం అని ఊరికే ఆవేశపడ్డాను.

మంచం కింద ఎవరిదో మోకాళ్ళ నొప్పుల నూనె సీసా మిగిలిపోయింది. ఎవరిదో కనుక్కుని ఇవ్వాలి.

నీ పలుకుబడి ఏమీ అక్కర్లేని తమ్ముడు,
గోపి


ఫిబ్రవరి 18, 2025

అక్కా,

ఆ సీసా రాఘవులు బాబాయ్‌ది.

ఆయన పరిగెత్తలేడని క్యాంప్ డాక్టర్ చీటీ రాసిస్తే, ఏడాదిగా డి-4లో ఉండేవాడట. మా డ్యూటీలు వేరు, నాకు తెలీదు. నేను వచ్చిన రోజే ఆయన్ను ఖాళీ చేయించి ఎక్కడ వేశారో తెలుసా? హెచ్-11. నా మంచంలో, దిల్ బహదూర్‌తో వంతుల మీద. సీసా ఇవ్వడానికి వెళ్తే నా పాత మంచం మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నాడు. ఏంటి బాబాయ్ ఇది అంటే, “పోన్లే బాబూ, నీకు పిల్లలున్నారు. నానెలాగూ పరిగెత్తలేను, ఏ వరసైతే ఏటి,” అన్నాడు. నేను అడిగి వేయించుకున్నానని అనుకున్నాడు అక్కా. అనుకుని కూడా కోపగించుకోలేదు.

నేరుగా మెస్‌కు వెళ్ళి రెండొందల మంది ముందు అమరేశ్వరరావు గారిని పట్టుకుని, ముసలివాడి మంచం లాక్కుని బాస్‌ను మెప్పిస్తావా, నువ్వూ ఒక తెలుగువాడివేనా, దొంగ అన్నాను. ఇంకా చాలా అన్నాను. “నేను మార్చలేదు బాబూ. డాక్టరు చీటీ చూసి ఆయన్ను లోపల పెట్టింది నేనే. పొద్దున వచ్చేసరికి సిస్టమ్ తీసేసింది,” అన్నాడు. సిస్టమ్ మీదకు నెట్టడం చాలా తేలిక అని వచ్చేశాను.

ఆ సిస్టమ్ మీదే కదా. దానంతటది ఇలా చేస్తుందా? చూసి చెప్పు. ఈయన అబద్ధం కాగితం మీద పెట్టి చూపించాలి.

గోపి


ఫిబ్రవరి 23, 2025

గోపీ,

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను చేశాను.

ఫిబ్రవరి నాలుగున, నీకు ఆ చిన్న ఉత్తరం రాసిన రోజున, ఏదో లోపం సరిచేస్తున్నట్టు మీ క్యాంపు డేటాలోకి వెళ్ళి నీ కేటగిరీని మూడు నుంచి రెండు చేశాను. ఎవరి అనుమతీ తీసుకోలేదు. కారణం అడిగే చోట ‘డేటా సవరణ’ అని రాశాను. ఒక్క అంకె మార్చాను, నా తమ్ముడు గోడ లోపలికి వస్తాడు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను.

ఒక్క మంచం కూడా ఖాళీగా ఉండకూడదన్న నియమం ఆ ప్రోగ్రాంలో పెట్టిందీ నేనే. ఆ రోజు డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు రెండో రకం మనిషివి అయ్యేసరికి అది నీకోసం మంచం వెతికింది. గోడ లోపల అన్నీ నిండే ఉన్నాయి, తీయడానికి మూడో రకం మనిషి ఒక్కడే కనిపించాడు. డాక్టర్ చీటీ కాగితం మీద ఉంది, మా ప్రోగ్రాంకు తెలీదు. ఆయన్ను తీసి నీ మంచంలో వేసింది. అది నేను చెప్పినట్టే చేసింది.

రేపు పొద్దున్నే వెనక్కి మారుస్తాను అనుకున్నాను. ఇప్పటికి మూడుసార్లు ఆ పేజీ తెరిచాను. మారిస్తే నువ్వు మళ్ళీ హెచ్‌లో పడతావు. మూడుసార్లూ మూసేశాను. తిట్టు. కానీ నువ్వు ఆ గది వదలకు. ఆయనకు వేరే దారి చూస్తాను, నాకు ఒక్క వారం టైమివ్వు.

మృదుల


ఫిబ్రవరి 26, 2025

మృదుల గారికి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

వాళ్ళు పాస్‌పోర్టు చూసి మనుషుల్ని మూడు రకాలు చేశారని అంత మండిపడ్డావే, నువ్వు చేసిందేమిటి? నీకు నేనొక్కణ్ణే మనిషిని, మిగతావాళ్ళు మంచాలు. వాళ్ళకైనా నా మొహం తెలీదు. రాఘవులు బాబాయ్ మోకాళ్ళ సంగతి నీకు నేనే రాశాను. మనిషెవరో తెలియక చేశావు, సరే. తెలిశాక మూడుసార్లు ఆ పేజీ మూసేశావు చూడు, దాన్ని నేను క్షమించలేను.

నీ వారం నాకు అక్కర్లేదు. ఈ మధ్యాహ్నం నీ ప్రింటు చేతికి రాగానే బాబాయ్ పెట్టె నా భుజం మీద పెట్టుకుని డి-4లో దించాను, నా సామాను హెచ్-11కు తెచ్చుకున్నాను. మీ సిస్టమ్‌కు చెప్పలేదు. చెబితే మళ్ళీ ఏదో ఒకటి చేస్తుంది. తలుపు మీద ఏ పేరుంటే ఏం, లోపల ఎవరుండాలో మేం చూసుకుంటాం.

తర్వాత మెస్‌లో, అదే రెండొందల మంది ముందు, అమరేశ్వరరావు గారికి దణ్ణం పెట్టి తప్పయిందన్నాను. ఎవరు మార్చారో చెప్పలేదు. నీ ఉద్యోగం నీకుండనీ, మీ ఇంట్లో ఇప్పుడు అదొక్కటే ఉద్యోగమని నాకు తెలుసు. ఆయన ఏమీ అడక్కుండా పక్కన కూర్చోబెట్టుకుని పెరుగన్నం పెట్టించాడు.

ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకు. నాకు ఉత్తరం రాయకు.

గోపీకృష్ణ


మార్చి 1, 2025

గోపీ,

పొద్దున్నే వార్తల్లో చూశాను. ఆరు గంటలకు మీ క్యాంపు మీద రాకెట్లు పడ్డాయట. ‘సైనికులెవరికీ గాయాలు కాలేదు’ అని ఒక్క ముక్క. ఛానెల్ మార్చి మార్చి చూశాను, అన్నింట్లోనూ అదే ముక్క. మరి వంటవాళ్ళు? మరి మెకానిక్కులు? లేరా వాళ్ళు అక్కడ? టీవీ మీదకు రిమోట్ విసిరేశాను. ఇషిత బెదిరిపోయింది.

కంపెనీ లాప్‌టాప్ తెరిచి చూశాను. ‘హెచ్ వరస: దెబ్బతిన్నది’ అని ఎరుపులో ఉంది. నీ పేరు డి-4లో పచ్చగా ఉంది. ఊపిరి వచ్చింది. ఆ తర్వాత హెచ్-11 మీద నొక్కితే రాఘవులు గారి పేరు వచ్చింది. గోపీ, నా తమ్ముడు కాదు కదా అనుకున్నానురా నేను. ముందు అదే అనుకున్నాను. నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన ఎలా ఉన్నారు? నా చివరి ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. తిట్టైనా రాయి.

అక్క


మార్చి 5, 2025

అక్కా,

ఇది రాఘవులు బాబాయ్ చేతిరాత. చెప్పేది నేను. కుడిచెయ్యి కట్టు కట్టి ఉంది.

హెచ్-11లో ఉన్నది నేనే. అప్పుడే లేచి బూట్లు వేసుకుంటున్నాను. దిల్ బహదూర్ డ్యూటీ దిగి వచ్చి, నేను లేచిన మంచం మీద వాలాడు. సైరన్ మోగింది. ఆయన నిద్రమత్తులో లేవలేకపోయాడు, నేను చెయ్యి పట్టి లాగుతున్నాను. ఇనప గోడ ముక్క నా మోచేతిలో దిగింది. ఆయన పోయాడు. నా చేతిలో ఉండగానే పోయాడు అక్కా. వార్తల్లో ఎవరికీ ఏమీ కాలేదన్నారని విన్నాను.

నా చేతి నరం తెగింది, రెండు వారాల్లో పెద్ద హాస్పిటల్లో ఆపరేషన్ చేయకపోతే వేళ్ళు పనిచేయవు అన్నాడు క్యాంప్ డాక్టర్. దెబ్బతగిలిన వాళ్ళను విమానంలో పంపుతున్నారు. నన్ను పంపరట. రికార్డులో నేను డి-4. డి-4కు గీత కూడా పడలేదు. కేటాయించని గదిలో ఎందుకున్నావ్, నియమం తప్పావు కనక మా బాధ్యత లేదు అని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు. అమరేశ్వరరావు గారు నాకోసం ఆఫీసులో అరిచాడు. ఆ మనిషి అరవగలడని అప్పుడే తెలిసింది. స్క్రీన్ వైపు వేలు చూపించి పంపేశారు.

నేను మెకానిక్‌ని. ఎడంచేత్తో స్క్రూ కూడా బిగించలేను. రాయకు అన్నాను, ఇప్పుడు నేనే రాయిస్తున్నాను. నిన్నేమీ చేయమని కాదు. తెలియాలి కదా.

ఇక్కడ నా సొంత మాట, తల్లీ. నాను రాఘవుల్ని. ఆ దెబ్బ నాది. నీ తమ్ముడు మోసాడు. నీకేటైనా తెలిస్తే సెయ్యి.

అమరేశ్వరరావు గారు దీన్ని సెక్యూరిటీకి ఇవ్వకుండా ఇప్పుడే స్కాన్ చేస్తానంటున్నారు.


మార్చి 11, 2025
కిచెనర్

గోపీ,

ఇరవై ఆరున నువ్వు రాసిన ఉత్తరం మూడో తేదీన వచ్చింది. నువ్వు డి-4లో లేవని అప్పుడు తెలిసింది. అయిదో తేదీ దాకా ఆ రెండు రోజులు ఎలా గడిచాయో రాయను. నన్ను తిట్టినవన్నీ నిజమే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోకు.

ఆరున పొద్దున నాలుగు పేజీలు రాశాను. మా కంపెనీకి, మీ కంపెనీకి, రెండింటి లాయర్లకు, ఇన్సూరెన్సు వాళ్ళకు ఒకేసారి పంపాను. ఫిబ్రవరి నాలుగున నేను, మృదుల, ఎవరి అనుమతీ లేకుండా నా తమ్ముడి కేటగిరీ మార్చాను, ఆ మార్పు చెల్లదు, దానివల్ల జరిగిన గది మార్పులూ చెల్లవు. కాబట్టి మార్చి ఒకటిన గోపీకృష్ణకు సక్రమంగా చెందిన గది హెచ్-11, అతడు తన గదిలోనే ఉన్నాడు. ఏ గంటకు ఏ అంకె మార్చానో చూపించే లాగ్ జతచేశాను. పంపే ముందు అనంత్‌కు చదివి వినిపించాను. ఆయన ఇంటి కిస్తీ సంగతి ఎత్తలేదు, ఒక తేదీ తప్పుంటే చూపించారు.

మధ్యాహ్నానికి నా బ్యాడ్జీ తీసుకున్నారు. కేథరిన్ అప్పుడు కూడా మర్యాదగానే ఉంది. నేను ఉండలేకపోయాను. ఆ కేటగిరీ డబ్బా ఇంకా అక్కడే ఉంది, దానికి ఎవరి బ్యాడ్జీ తీసుకుంటారు అని అందరికీ వినపడేలా అడిగాను. దిల్ బహదూర్ పేరు గట్టిగా చెప్పాను. తలలు తిప్పుకున్నారు.

నిన్న మీ కంపెనీ నుంచి జవాబు వచ్చింది. గురువారం విమానంలో నిన్ను పంపుతున్నారు, ఆపరేషన్ శుక్రవారం. రాఘవులు గారికి డాక్టర్ చీటీతో సహా డి-4 రాసిచ్చారు. హెచ్ వరసలో కాలిపోయిన గదుల బదులు కొత్త కంటైనర్లు తెప్పిస్తున్నారట, అదే చోట. గోడ గురించి ఏమీ లేదు. ఆ సంగతి నేను వదలను, ఇప్పుడు నాకు కావలసినంత తీరిక ఉంది.

నీ చెయ్యి దక్కాలంటే, గోడ లేని ఆ గదే నీకు తగిన గది అని నేను సాక్ష్యాలతో నిరూపించాల్సి వచ్చిందిరా. నిరూపించాను, అన్ని పేజీల మీదా సంతకం పెట్టాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఉత్తరం చివర, రికార్డు సరిచేసినందుకు నాకు ధన్యవాదాలు కూడా చెప్పారు.

అక్క